ఆర్కియా వైరస్‌లు: ఎందుకు కాపురం చేస్తాయి, ఎప్పుడు ఇల్లు కూలుస్తాయి

క్లుప్తంగా: ఆర్కియా అనే సూక్ష్మజీవులు చూడటానికి బ్యాక్టీరియాలా ఉంటాయి కానీ బ్యాక్టీరియా కావు. వాటికి పట్టే వైరస్‌లు కూడా మనకు తెలిసిన వైరస్‌ల కోవలో పూర్తిగా ఇమడవు. వీటిలో చాలావాటికి కణాన్ని చంపే అలవాటు లేదు. లోపలే ఉండిపోయి, కొత్త వైరస్‌లను కొద్దికొద్దిగా బయటికి పంపుతుంటాయి. ఆశ్రయమిచ్చిన కణం పరిస్థితి దిగజారితే మాత్రం లెక్క మారిపోతుంది. ఆ లెక్క ఎలా నడుస్తుంది, కణం ఎలా ఎదురు తిరుగుతుంది, సముద్రానికీ పశువుల కడుపుకూ దీనితో ఏం సంబంధం అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ఎర్రబడే ఉప్పు మడి

సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు పండించే మడుల్లో ఆఖరి దశకు వచ్చేసరికి నీరు తరచూ గులాబీ రంగుకో, ఇటుక రంగుకో తిరుగుతుంది. మన నౌపడ మడులైనా, స్పెయిన్, ఆస్ట్రేలియా మడులైనా ఈ రంగు వెనక ఉండే జీవులు ఒకే కోవకు చెందినవి. సముద్రంలో ఉప్పు 3.5 శాతం ఉంటుంది. ఉప్పు గడ్డకట్టే మడిలో అది 30 శాతం దాకా పోతుంది. అంత ఉప్పులో మామూలు జీవకణం నీరంతా కోల్పోయి ముడుచుకుపోతుంది. ఎర్ర రంగున్న కొన్ని సూక్ష్మజీవులకు మాత్రం అదే ఇష్టమైన చోటు. ఉప్పుచేప సరిగా నిల్వ చేయకపోతే దాని మీద ఎర్రగా పేరుకునేవీ ఇవే. వీటికి హాలోఆర్కియా అని పేరు.

ఆ మడి నీళ్లలో ఒక మిల్లీలీటరు తీసుకుని లెక్కపెడితే వైరస్ రేణువులు 100 కోట్ల దాకా ఉండవచ్చు. మనిషికి హాని చేసే వైరస్ వాటిలో ఉందేమోనన్న భయం అక్కర్లేదు. ఇవి ఆర్కియాకు మాత్రమే పడతాయి. అసలు మనిషికి రోగం తెచ్చే ఆర్కియా అని రుజువైన జాతే ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఈ వైరస్‌ల కథ ఒక పొరపాటు పేరుతో మొదలైంది. 1974లో టోర్స్‌విక్, డుండాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హాలోబ్యాక్టీరియం అనే ఉప్పు జీవికి పట్టే వైరస్‌ను ప్రకటించారు. దాన్ని బ్యాక్టీరియోఫేజ్ అన్నారు, అంటే బ్యాక్టీరియాను తినేది. తప్పు వాళ్లది కాదు. ఆ జీవి బ్యాక్టీరియా కాదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. మూడేళ్ల తర్వాత, 1977లో, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ కలిసి, కణంలో ప్రొటీన్‌లు తయారుచేసే రైబోసోమ్‌లోని ఆర్ఎన్ఏ అక్షరాలను పోల్చి చూశారు. బ్యాక్టీరియా అనుకుంటున్న వాటిలో ఒక గుంపు వేరే వంశమని అప్పుడు తేలింది. ఆ గుంపే ఆర్కియా. హాలోబ్యాక్టీరియం అన్న పేరులో 'బ్యాక్టీరియం' మాత్రం ఈనాటికీ అలాగే ఉండిపోయింది, చదివేవాళ్లను తికమక పెట్టడానికి.

తేడా పేరులోనే ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు. బ్యాక్టీరియా, ఆర్కియా రెండింటికీ కేంద్రకం లేదు, పరిమాణమూ దాదాపు ఒకటే. కానీ ఆర్కియా పొరలోని కొవ్వు అణువుల కూర్పు వేరు, వేడికీ ఆమ్లానికీ తట్టుకునేది. బ్యాక్టీరియా చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే వలలాంటి గోడ ఉంటుంది. ఆర్కియాకు అది లేదు. చాలా జాతుల్లో దాని స్థానంలో, ప్రొటీన్ అణువులు గచ్చు మీద పలకలు పరిచినట్టు వరసగా అమరిన కవచం ఉంటుంది. డీఎన్ఏను చదివి ఆర్ఎన్ఏ రాసే యంత్రాంగం మాత్రం బ్యాక్టీరియా కన్నా మన కణాలకు దగ్గరగా ఉంటుంది. ఇంటి గోడలు, తాళాలు, వంటగది అన్నీ మారినప్పుడు ఆ ఇంట్లో చొరబడేవాడి పద్ధతి కూడా మారక తప్పదు.

నిమ్మకాయ, సీసా, రెండు తోకలు

బ్యాక్టీరియా వైరస్‌లలో ఎక్కువ భాగం తల, తోక ఉన్న ఒకే నమూనా మీద తయారైనవి. ఉప్పు మడుల్లోని ఆర్కియాలో కూడా ఈ తోక వైరస్‌లు చాలా దొరికాయి. అక్కడితో ఆగి ఉంటే ఆర్కియా వైరస్‌లు పెద్ద విశేషం అయ్యేవి కావు.

మలుపు వేడి నీటి బుగ్గల నుంచి వచ్చింది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన వోల్ఫ్రామ్ జిల్లిగ్ 1980లలో ఐస్‌లాండ్ వంటి చోట్ల బుగ్గల్లో నీరు, బురద సేకరించి వాటిలోని ఆర్కియాను పెంచడం మొదలుపెట్టారు. సల్ఫోలోబస్ అనే జాతి 75 నుంచి 80 డిగ్రీల వేడిలో, నిమ్మరసమంత పుల్లటి నీటిలో పెరుగుతుంది. జపాన్‌లోని బెప్పు బుగ్గ నుంచి తెచ్చిన సల్ఫోలోబస్‌లో దొరికిన వైరస్ కదురు ఆకారంలో, రెండు కొనలూ సన్నబడి నిమ్మకాయలా ఉంది. దాని పేరు ఎస్ఎస్‌వీ1. పొడవు 90 నానోమీటర్లు, వెడల్పు 60. లోపల 15,465 అక్షర జతల వలయాకార డీఎన్ఏ. ఇలాంటి ఆకారం బ్యాక్టీరియా వైరస్‌లలో గానీ, మొక్కలు, జంతువుల వైరస్‌లలో గానీ లేదు.

జిల్లిగ్ దగ్గర పనిచేసి, తర్వాత పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన డేవిడ్ ప్రాంగిష్విలి ఈ జాబితాను బాగా పెంచారు. ఇటలీలో నేపుల్స్ పక్కనున్న పొజ్జువోలి బుగ్గల్లో సీసా ఆకారపు వైరస్ దొరికింది. అదే ఊళ్లో ఏటీవీ అనే మరో వైరస్ కూడా దొరికింది. ఇది కణం నుంచి బయటికి వచ్చేటప్పుడు నిమ్మకాయలా ఉంటుంది. ఆశ్రయ కణం బతికే వేడిలో, దాదాపు 85 డిగ్రీల దగ్గర, నీటిలో ఒంటరిగా ఉండగానే రెండు కొనల నుంచీ పొడవాటి తోకలు పెంచుకుంటుంది. ఈ సంగతి 2005లో ప్రచురితమైంది. కణం బయట వైరస్ నిర్జీవ రేణువు, దానిలో ఏ మార్పూ జరగదు అన్నది అప్పటిదాకా పాఠ్యపుస్తకాల మాట. ఆ మాటకు ఇక్కడ చిన్న బీట పడింది. శక్తి ఖర్చు లేకుండా, కేవలం వేడికి రేణువు తోకలుగా సాగడం ఇది. కాబట్టి వైరస్‌కు ప్రాణం వచ్చిందని అనుకోవాల్సిన పని లేదు.

కర్రపుల్లల్లా పొడుగ్గా ఉండే వైరస్‌లు మరో వింత చూపించాయి. ఐస్‌లాండ్ సల్ఫోలోబస్‌లో పెరిగే ఎస్ఐఆర్‌వీ2 పొడవు 900 నానోమీటర్లు, మందం 23 మాత్రమే. మన కణాల్లో డీఎన్ఏ మామూలుగా 'బి' (B) అనే రూపంలో మెలిక తిరిగి ఉంటుంది. నీరు తగ్గిపోతే అది బిగుసుకుని 'ఎ' (A) అనే రూపంలోకి మారుతుందని ప్రయోగశాలల్లో ఎప్పటినుంచో తెలుసు. 2015లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూస్తే ఈ వైరస్ డొప్పలో డీఎన్ఏ మొత్తం 'ఎ' రూపంలోనే ఉంది. నీటిని బయటికి నెట్టేసి, ప్రొటీన్‌తో చుట్టి, డీఎన్ఏను ఎండబెట్టి దాచినట్టన్న మాట. వేడి ఆమ్లంలో డీఎన్ఏ చెడకుండా ఉండటానికి ఇదొక మార్గమని పరిశోధకుల అభిప్రాయం. ఎండు సరుకు నిల్వ ఉండటం మనకు కొత్త కాదు కదా.

ఇన్ని వింతల మధ్య ఒక పాత బంధుత్వం కూడా బయటపడింది. అమెరికాలోని యెల్లోస్టోన్ బుగ్గల్లో దొరికిన ఎస్‌టీఐవీ అనే వైరస్ ప్రొటీన్ డొప్పను 2004లో పరిశీలించారు. దాని ప్రధాన ప్రొటీన్ మడత బ్యాక్టీరియాకు పట్టే ఒక వైరస్‌లోని మడతను, మనకు జలుబు తెచ్చే అడెనోవైరస్‌లోని మడతను పోలి ఉంది. అక్షరాల వరసలో పోలిక మిగల్లేదు, మడతలో మాత్రం మిగిలింది. ఆర్కియా, బ్యాక్టీరియా, మన వంశం విడిపోక ముందే ఈ తరహా వైరస్ ఉండి ఉండాలన్న వాదనకు బలమైన ఆధారాల్లో ఇదొకటి. నిమ్మకాయ, సీసా ఆకారాలకు అలాంటి బంధువులు వేరే వంశాల్లో కనిపించలేదు.

ఆమ్లంలో ఈదడం కన్నా లోపలుండటమే మేలు

మామూలు బ్యాక్టీరియోఫేజ్ బతుకు తీరు అందరికీ తెలిసిందే. కణం మీద వాలడం, డీఎన్ఏ ఎక్కించడం, వందల పిల్లలు చేయించుకోవడం, గోడ పగలగొట్టి బయటపడటం. అరగంటలో పని పూర్తి. ఆర్కియా వైరస్‌లలో ఈ కథ మొదట పెద్దగా కనిపించకపోవడమే పరిశోధకులను ఆశ్చర్యపరిచింది.

ఎస్ఎస్‌వీ1నే తీసుకుంటే, దాని డీఎన్ఏ సల్ఫోలోబస్ క్రోమోజోమ్‌లో ఒక టీఆర్ఎన్ఏ జన్యువు దగ్గర అతుక్కుపోతుంది. కణం విడిపోయినప్పుడల్లా అదీ పిల్ల కణాలకు పోతుంది. అప్పుడప్పుడు కొన్ని వైరస్‌లు బయటికి వస్తాయి. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఉత్పత్తి ఒక్కసారిగా పెరుగుతుంది. అయినా కణం పగలదు. కొంతసేపు ఎదుగుదల ఆగి, మళ్లీ మొదలవుతుంది. వైరస్ కణం పొరను కొంచెం చుట్టుకుని మొగ్గ తొడిగినట్టు బయటికి వస్తుందని 2016లో చిత్రాలతో సహా చూపించారు. ఇన్‌ఫ్లుయెంజా, హెచ్ఐవీ మన కణాల నుంచి బయటపడే పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. ఉప్పు మడుల్లో 2009లో గుర్తించిన మరో రకం వైరస్‌కు ప్రొటీన్ డొప్పే లేదు. కణం పొర నుంచి తెంచుకున్న కొవ్వు బుడగలో డీఎన్ఏ పెట్టుకుని వెళ్లిపోతుంది.

యెల్లోస్టోన్ బుగ్గల్లో కణాలను ఒక్కొక్కటిగా విడదీసి చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. అందులో 60 శాతానికి పైగా కణాల్లో కనీసం ఒక రకం వైరస్ ఉంది. అలా వైరస్ ఉన్న కణాల్లో సగానికి పైగా రెండు లేదా అంతకన్నా ఎక్కువ రకాలను మోస్తున్నాయి. అంటే అక్కడ వైరస్ లేని కణమే మైనారిటీ.

కారణం ఏమిటి? ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఒకటుంది. మరిగే ఆమ్లంలో వైరస్ రేణువు ఎక్కువకాలం చెక్కుచెదరకుండా ఉండటం కష్టం. బుగ్గల్లో కణాలు కూడా పలుచగానే ఉంటాయి. బయటికొచ్చిన వైరస్‌కు ఇంకో కణం తగిలేలోపే చెడిపోయే ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు ఉన్న కణాన్ని చంపుకోవడం కన్నా దానితో కాపురం చేసి, కొద్దికొద్దిగా పిల్లల్ని పంపడం లాభం. ఈ వాదనకు అసలు బలం ఇంకోచోట నుంచి వస్తుంది. ఇల్లు చెడే సూచన కనిపించగానే ఇవే వైరస్‌లలో కొన్ని తీరు మార్చేస్తాయి.

ఉప్పు మడి వైరస్‌ను మొదట కనిపెట్టిన టోర్స్‌విక్, డుండాస్ 1980లో ఇదే విషయం రాశారు. ఉప్పు బాగా చిక్కగా ఉన్నప్పుడు ఆ వైరస్ కణాన్ని పెద్దగా ఇబ్బంది పెట్టకుండా లోపల కొనసాగింది. ఉప్పు పలచబడితే చంపడం పెరిగింది. ఉప్పు జీవికి పలచటి నీరంటే మరణమే. వాన పడి మడి పలచబడినప్పుడు ఎలాగూ చావబోయే కణాన్ని పట్టుకుని ఉండటం వైరస్‌కు దండగ. జమైకాలో వానకు నిండి ఎండకు ఎండిపోయే ఒక ఉప్పు గుంటలో కూడా ఉప్పు తగ్గినప్పుడు వైరస్‌లు పెరిగినట్టు గమనించారు. వేడి బుగ్గ వైరస్ ఏటీవీ 85 డిగ్రీల దగ్గర కణంలో కలిసిపోయి నిద్రపోతుంది. వేడి 75కి పడిపోతే లేచి కణాన్ని పగలగొడుతుంది. ఒకచోట ఉప్పు, ఇంకోచోట వేడి. మీట వేరైనా లెక్క ఒక్కటే.

తలుపు లేని గోడకు తలుపు

అన్నీ సాధువులు కావు. ఎస్ఐఆర్‌వీ2 కణాన్ని చంపే రకం. అది చంపే పద్ధతి మాత్రం మరెక్కడా చూడనిది.

బ్యాక్టీరియోఫేజ్‌లు బయటికి రావడానికి గోడను కోసే ఎంజైమ్ వాడతాయి. సల్ఫోలోబస్‌కు కోయాల్సిన ఆ గోడే లేదు. ఉన్నది ప్రొటీన్ పలకల కవచం, అదీ వేడికి, ఆమ్లానికి చెక్కుచెదరనిది. ఎంజైమ్‌తో కరిగించే బదులు ఎస్ఐఆర్‌వీ2 కవచాన్ని లోపల నుంచి పొడుచుకుని వస్తుంది.

మొదట ఈ వైరస్ కణం మీద సన్నటి దారాల్లా ఉండే పిలై కొనలను పట్టుకుంటుంది. నిమిషం లోపే ఆ పట్టు విడదీయలేనిది అవుతుంది. దారం వెంట జారి కణాన్ని చేరి డీఎన్ఏ లోపలికి పంపుతుంది. కొన్ని గంటల్లో కణం సొంత క్రోమోజోమ్ ముక్కలైపోతుంది, లోపల వైరస్ కర్రలు కట్టలు కట్టలుగా పేరుకుంటాయి. అదే సమయంలో 98 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ ఒకటి కణం పొరలో చేరి పిరమిడ్ కట్టడం మొదలుపెడుతుంది. ఈజిప్టు పిరమిడ్‌కు నాలుగు ముఖాలైతే దీనికి ఏడు. ఒక్కో కణం మీద ఇలాంటివి చాలా మొలుస్తాయి, పెరిగేకొద్దీ పై కవచాన్ని చీల్చుకుని బయటికి పొడుచుకొస్తాయి. అన్నీ సిద్ధమయ్యాక ఏడు ముఖాలూ పూరేకుల్లా విచ్చుకుంటాయి. ఆ ద్వారాల గుండా వైరస్‌లు వెళ్లిపోతాయి. మిగిలేది చిల్లులు పడ్డ ఖాళీ సంచి.

2009లో వెలుగుచూసిన ఈ కట్టడంలో ఇంకో విశేషం ఉంది. ఆ ఒక్క ప్రొటీన్ జన్యువును తీసి ఈ.కోలై బ్యాక్టీరియాలో పెడితే అక్కడా పిరమిడ్‌లు లేచాయి. తర్వాత ఈస్ట్ కణంలో పెడితే దాని లోపలి పొరల మీద కూడా లేచాయి. వేరే సాయం ఏదీ అక్కర్లేదు, పొర ఉంటే చాలు. యెల్లోస్టోన్‌లో దొరికిన ఎస్‌టీఐవీ కూడా ఇలాంటి పిరమిడ్‌లే కడుతుంది. ఆకారంలో, డొప్పలో ఈ రెండు వైరస్‌లకూ ఏ సంబంధమూ లేదు, ఒకటి కర్ర, ఇంకొకటి బంతి. అయినా బయటపడే తలుపు జన్యువు మాత్రం ఒకే కుటుంబానిది. ఒకే కణంలో రెండు మూడు రకాల వైరస్‌లు కాపురం చేసే చోట పనిముట్లు చేతులు మారడం వింతేమీ కాదు.

కణం ఊరుకోదు

ఆర్కియా చేతిలో ఉన్న పెద్ద ఆయుధం క్రిస్పర్. జన్యువులను కత్తిరించే పరికరంగా 2020లో నోబెల్ వరకు వెళ్లిన ఈ పేరు తెలియని సైన్స్ విద్యార్థి ఉండడు. దాని తొలి అడుగుల్లో ఒకటి ఉప్పు మడిలోనే పడింది. స్పెయిన్‌లోని సాంతా పోలా ఉప్పు మడుల నుంచి తెచ్చిన హాలోఫెరాక్స్ అనే ఆర్కియాలో ఫ్రాన్సిస్కో మొహీకా 1993లో పదేపదే వచ్చే డీఎన్ఏ వరసలను గుర్తించారు. అలాంటివి 1987లోనే జపాన్‌లో ఈ.కోలైలో కనిపించాయి కానీ అర్థం ఎవరికీ తెలియలేదు. వాటి మధ్య ఉన్న ముక్కలు వైరస్‌ల నుంచి, కణంలో విడిగా ఉండే ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ వలయాల నుంచి వచ్చినవని 2005లో తేలింది. పాత దాడులను రాసిపెట్టుకున్న ఖాతా పుస్తకం అది. అదే వైరస్ మళ్లీ వస్తే కణం ఆ ముక్కతో పోల్చి గుర్తుపట్టి కత్తిరిస్తుంది.

బ్యాక్టీరియాలో సుమారు 40 శాతం జాతుల్లోనే ఈ పద్ధతి ఉంటే, ఆర్కియాలో 85 శాతం దాకా ఉన్నట్టు జన్యుపటాలు చెబుతున్నాయి. తేడాకు ఒక వివరణ ఉంది. వచ్చే శత్రువు ప్రతిసారీ కొత్త ముఖంతో వస్తే ఖాతా పుస్తకం వల్ల ఉపయోగం లేదు. వేడి బుగ్గల్లాంటి చిన్న చోట అవే వైరస్‌లు మళ్లీ మళ్లీ తిరిగొస్తాయి కాబట్టి రాసిపెట్టుకున్నది పనికొస్తుంది.

వైరస్‌లు దీనికి విరుగుడు కనిపెట్టకుండా ఉంటాయా? ఎస్ఐఆర్‌వీ కుటుంబంలో క్రిస్పర్‌ను ఆపే ప్రొటీన్‌లు 2018 నుంచి వరసగా బయటపడ్డాయి. కొన్ని నేరుగా కత్తిరించే యంత్రానికి అతుక్కుని దాన్ని పనిచేయనివ్వవు. 2020లో వెల్లడైనది ఇంకా తెలివైనది. కొన్ని రకాల క్రిస్పర్ వ్యవస్థలు వైరస్‌ను పసిగట్టగానే నాలుగు అడెనైన్‌లు ఉంగరంలా కలిసిన ఒక సంకేత అణువును తయారుచేస్తాయి. ప్రమాద గంట లాంటిది అది. అది మోగితే కణంలోని ఆర్ఎన్ఏను నరికే ఎంజైమ్‌లు లేస్తాయి. వైరస్ ప్రొటీన్ ఆ ఉంగరాలను చకచకా తెంచేస్తుంది. దొంగను పట్టుకునేవాళ్లు ఉన్నారు, గంట మాత్రం మోగదు.

మొండిగా నిద్రపోవడం ఇంకో రక్షణ. 2015లో ఇల్లినాయ్ పరిశోధకులు సల్ఫోలోబస్‌ను ఎస్ఎస్‌వీ9 అనే కదురు ఆకారపు వైరస్‌తో కలిపారు. వైరస్‌లు కొద్దిగానే ఉన్నా కణాల్లో ఎక్కువ భాగం 24 నుంచి 48 గంటల పాటు ఎదగడం మానేశాయి. చచ్చిన వైరస్‌లు తగిలినా అదే జరిగింది. వీధిలో దొంగ ఉన్నాడని తెలిసి ఊరంతా తలుపులు బిగించుకున్నట్టు. క్రిస్పర్ ఉన్న కణాలు వైరస్ పోయాక మళ్లీ లేచాయి. వైరస్ కొద్దిగానైనా మిగిలిపోతే మాత్రం నిద్రపోయినవి వేగంగా చనిపోయాయి. కాపురం అన్న మాటను మరీ మెత్తగా తీసుకోకూడదు అనడానికి ఈ ప్రయోగమే సాక్ష్యం.

2020లో వచ్చిన మరో అధ్యయనం లెక్కను పూర్తిగా తిరగేసింది. ఈ కదురు వైరస్‌ను దీర్ఘకాలం మోస్తున్న కణాలను, క్రిస్పర్ రక్షణ ఉన్న కణాలను కలిపి పెంచారు. వైరస్‌తో పాటు వచ్చే విషగుణం రక్షణ ఉన్న కణాలనే చంపింది. మోస్తున్నవి గెలిచాయి. పొరుగువాడితో పోటీలో కణానికి వైరసే ఆయుధమైంది. ఇక్కడ ఎవరు ఎవరికి ఆశ్రయం ఇస్తున్నారో చెప్పడం కష్టం.

కణాన్ని చంపకుండా తనకు కావలసినట్టు మార్చుకునే వైరస్‌లు కూడా ఉన్నాయి. ఎస్‌టీఎస్‌వీ2 అనే వైరస్ పట్టిన సల్ఫోలోబస్ విడిపోవడం మానేసి ఉబ్బుతుందని 2021లో చూపించారు. అడ్డుకొలతలో 20 రెట్లు, ఘనపరిమాణంలో 8,000 రెట్ల దాకా. వైరస్‌ల కర్మాగారంగా మారిన ఆ రాక్షస కణం మీద మామూలు సైజు పిల్ల కణాలు మొగ్గల్లా మొలుస్తాయి.

చల్లటి సముద్రంలో లెక్క వేరు

ఇదంతా ఉప్పు, ఆమ్లం, వేడి ఉన్న చోట్ల కథ. ఆర్కియా అంటే విపరీత వాతావరణాల్లో మాత్రమే బతికేవి అన్న అపోహ ఇంకా ఉంది. పాత పుస్తకాల్లో అలాగే రాశారు కూడా. నిజానికి ప్రపంచ సముద్రాల్లోని సూక్ష్మజీవ కణాల్లో సుమారు ఐదో వంతు ఒక పెద్ద ఆర్కియా వర్గానిదేనని 2001లో పసిఫిక్ నీటిని లెక్కగట్టి అంచనా వేశారు. వీటిలో చాలావాటి పని అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చడం. సముద్రంలో నత్రజని చక్రం తిరగడానికి ఇది మొదటి మెట్టు.

ఈ జీవులకు పట్టే వైరస్‌ను పెంచి చూపించడం 2019లో గానీ కుదరలేదు. నైట్రోసోప్యూమిలస్ అనే జాతిలో దొరికిన ఆ వైరస్‌లు కదురు ఆకారంలోనే ఉన్నాయి. కణాన్ని పగలగొట్టకుండానే బయటికి వచ్చాయి. కానీ కణం ఎదుగుదల ఆగింది, అమ్మోనియా మార్చడమూ పడిపోయింది. చంపకుండానే పని మాన్పించడం అన్నమాట. అమ్మోనియా మార్చే యంత్రంలోని ఒక భాగానికి చెందిన జన్యువును తమతో మోసుకెళ్లే సముద్ర వైరస్‌లు కూడా డీఎన్ఏ నమూనాల్లో కనిపించాయి. కణం చివరిదాకా శక్తి తయారుచేస్తూ ఉండటానికి వైరస్ సొంత విడిభాగం తెచ్చుకుంటోందని దానికి చెప్పే అర్థం.

సముద్రం అడుగు బురదలో చావులు ఎక్కువ. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం అక్కడ వైరస్‌లు బ్యాక్టీరియా కన్నా ఆర్కియాను ఎక్కువ జోరుగా చంపుతున్నాయి. వైరస్‌ల వల్ల చచ్చే సూక్ష్మజీవ రాశిలో మూడో వంతు దాకా ఆర్కియాదే. దీనివల్ల ఏటా 30 నుంచి 50 కోట్ల టన్నుల కార్బన్ విడుదలవుతుందని అంచనా. ఆ కార్బన్ మిగతా సూక్ష్మజీవులకు తిండి అవుతుంది. బుగ్గల వైరస్‌ల మీద కట్టిన సిద్ధాంతానికి ఇది ఎదురు సాక్ష్యం కాదు. చల్లటి, ఉప్పు మారని, ఆమ్లం లేని చోట రేణువు బయట త్వరగా చెడదు. కాబట్టి చంపినా నష్టం తక్కువ.

గేదె కడుపు

గోబర్ గ్యాస్ తొట్టిలోనూ, నెమరువేసే పశువుల కడుపులోనూ మీథేన్ తయారుచేసేది ఆర్కియా మాత్రమే. బ్యాక్టీరియా దానికి ముడిసరుకు అందిస్తుంది, ఆఖరి మెట్టు మాత్రం ఆర్కియాదే. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, గేదెలు కలిపి 30 కోట్లకు పైనే ఉన్నాయి. అవి త్రేనుపులతో వదిలే మీథేన్ తగ్గించాలన్న చర్చలో వైరస్‌ల ప్రస్తావన రావడానికి కారణం ఇదే.

మీథేన్ చేసే కొన్ని ఆర్కియాకు సూడోమ్యూరీన్ అనే గోడ ఉంటుంది. పేరు, నిర్మాణం బ్యాక్టీరియా గోడకు దగ్గరే, రసాయనం వేరు. కాబట్టి బ్యాక్టీరియాకు వాడే మందులు దీని మీద పనిచేయవు. ఈ గోడను కోసే ఎంజైమ్ ఈ ఆర్కియాకు పట్టే తోక వైరస్‌లలో ఉంది. న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 2010లో పశువుల కడుపులోని ఒక ప్రధాన మీథేన్ జీవి జన్యుపటం చదివినప్పుడు, దాని డీఎన్ఏలో నిద్రపోతున్న వైరస్ ఒకటి, అందులో గోడ కోసే ఎంజైమ్ జన్యువు కనిపించాయి. ఆ ఎంజైమ్‌ను విడిగా తయారుచేసి ప్రయోగశాలలో కణాల మీద వేస్తే అవి పగిలాయి. కడుపులో అదే జరుగుతుందని చెప్పడం తొందరపాటు. అక్కడి మీథేన్ జీవులు చాలా రకాలు. ఒకటి పోతే దాని జాగాలో ఇంకొకటి వస్తుంది. ఎంజైమ్ కూడా ప్రొటీనే కాబట్టి కడుపులోని బ్యాక్టీరియా దాన్ని తినేయవచ్చు. మీథేన్ తగ్గించే మందుగా వైరస్‌ను చూపించే శీర్షికలు ప్రయోగశాలకూ కడుపుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని దాటేసి రాస్తుంటాయి.

ఎందుకింత నెమ్మది

బ్యాక్టీరియోఫేజ్‌లు వేలల్లో తెలిస్తే, పెంచి పరిశీలించిన ఆర్కియా వైరస్‌లు వాటి ముందు చాలా తక్కువ. కారణాలు మామూలువే. ప్రయోగశాల పళ్లెంలో కణాలను పెంచడానికి వాడే అగార్ అనే జిగురు సల్ఫోలోబస్ ఇష్టపడే వేడికి దగ్గరలోనే కరుగుతుంది. అందుకే గెల్లాన్ అనే వేరే జిగురు వాడాలి. వైరస్ కణాన్ని చంపకపోతే పళ్లెం మీద ఖాళీ మచ్చ పడదు, ఆ మచ్చే వైరస్‌ను పట్టిచ్చే పాత గుర్తు. మీథేన్ జీవులకు ఆక్సిజన్ తగలకూడదు. ఇప్పటిదాకా పెంచి చూసిన ఆర్కియా వైరస్‌లు అన్నీ డీఎన్ఏ వైరస్‌లే. ఆర్ఎన్ఏ వైరస్‌లు నిజంగా లేవా, వెతికే పద్ధతికి అందడం లేదా అన్నది తేలలేదు.

మన కణాలకు అత్యంత దగ్గరి బంధువులుగా భావించే ఆస్గార్డ్ ఆర్కియా విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. కేంద్రకమున్న జీవులన్నీ ఆ కొమ్మ నుంచే వచ్చాయన్న వాదన బలపడుతోంది. కాబట్టి వాటి వైరస్‌లు ఎలా ఉంటాయన్నది చాలామందిని ఊరిస్తున్న ప్రశ్న. 2022లో వాటి వైరస్‌ల గురించి ఒకేసారి మూడు పరిశోధన పత్రాలు వచ్చాయి. స్కాండినేవియా పురాణాల్లో విధిని నేసే అక్కచెల్లెళ్ల పేర్లు కొన్నింటికి పెట్టారు. కానీ అవన్నీ ప్రకృతి నుంచి తెచ్చిన నమూనాల్లోని డీఎన్ఏ ముక్కలను కంప్యూటర్‌లో అతికించి రాబట్టినవి, రేణువును చూసినవాళ్లు అప్పటికి లేరు. ఆ వంశంలో మొదటి జీవిని జపాన్ శాస్త్రవేత్తలు పెంచి 2020లో ప్రకటించారు, దానికి 12 ఏళ్లు పట్టింది. అది రెండింతలు కావడానికి 14 నుంచి 25 రోజులు తీసుకుంటుంది. ఈ.కోలైలో అరగంటలో ముగిసే ప్రయోగాన్ని అలాంటి కణంలో చేయాలంటే నెలల తరబడి కాచుకుని కూర్చోవాలి.